నిండు తైలపాత్రము: గర్భిణి నిద్రను గూర్చిన పూర్వచరిత్ర



"వట్టి మనిషి కాదు" అని మన యిండ్లలో గర్భిణిని గూర్చి చెప్పుకొందురు. ఆ మాట చెవిని బడినది మొదలు ఆమెచేత బిందెలు మోయించుట మానుదుము. ఆమె నోటికి హితవైన పులుపో పండో తెచ్చి పెట్టుదుము. ఆమె రెండు ముద్దలు తిన్నదా యని అడుగువారు ఇంటింట నలుగురుందురు. రాత్రి ఆమెకు కన్ను మూతపడినదా యని అడుగువారు మాత్రము అరుదు. నెలలు నిండువేళ నిద్ర పట్టకపోవుట సహజమేయనియు, తల్లులందరును పడిన పాటేయనియు త్రోసివేయుదుము. సహజమన్న మాట నిజమే. గాని సహజమైనదెల్ల నిరపాయము కాదు. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున తొమ్మిదవ నెలలో నున్న 131 మంది గర్భిణుల నిద్రను పరిశీలించి 2004 లో ఫలితములను ప్రకటించిరి. రాత్రి 6 గంటలకంటె తక్కువ నిద్రించినవారికి నొప్పులు ఎక్కువసేపు సాగినవి. శస్త్రచికిత్సచేత కాన్పు చేయవలసి వచ్చుట, చాలినంత నిద్రించినవారికంటె వారిలో నాలుగున్నర రెట్లు అధికముగా నుండెను. నిద్రలేమి యొక్కటే దానికి కారణమని ఇంతమాత్రమున తీర్పు చెప్పరాదు. అయినను ఇది త్రోసివేయదగిన సంగతి కాదని మాత్రము స్పష్టము.

ఇట్టి గర్భిణులకు నిద్రబిళ్ళకు మారుగా ఒక మనస్సాధనమును నేటి వైద్యులును నర్సులును కొందరు నేర్పుచున్నారు. ఆ సాధనము పుట్టినది మన దేశముననే. పోయినది బర్మాకు. అచ్చటనుండి అమెరికాకు చేరి, ఆస్పత్రి బట్టలు కట్టుకొని మరల మన యొద్దకు వచ్చినది. ఆ చరిత్రను ఈ కొద్దిసేపటిలో మీకు విన్నవింపదలచితిని. ఇది ఒక నూనెగిన్నెతో మొదలగును.

చరకసంహితలో శారీరస్థానమను భాగమున్నది. అందలి ఎనిమిదవ అధ్యాయము గర్భిణీ పరిచర్యను గూర్చినది. అంచువరకు నూనె నింపిన పాత్రను తొణకకుండ ఎట్లు కాపాడుదుమో, గర్భిణిని అట్లు కాపాడవలెనని ఆ గ్రంథకర్త చెప్పుచున్నాడు. ఈ ఉపమానమును చదువునప్పుడు ఒక సంగతి గమనింపవలెను. ఇది గర్భిణికి చేసిన ఉపదేశము కాదు. ఆమెను కనిపెట్టుకొని యుండువారికి చేసినది. పాత్ర ఆమె. మోయువారు ఇంటివారు. తొణకినచో తప్పు పాత్రది కాదు గదా!

అదే అధ్యాయమున గర్భమునకు కీడుచేయు సంగతులను లెక్కించుచు, వెల్లకిల పరుండరాదని చెప్పినారు. అట్లు పరుండినచో బొడ్డుతాడు శిశువు కంఠమునకు చుట్టుకొనునట. ఈ కారణము సరికాదు. తల్లి పరుండు తీరునకును తాడు చుట్టుకొనుటకును సంబంధము లేదు. కాని ఉపదేశము మాత్రము సరియైనదే యని మొన్న మొన్న తేలినది. న్యూజిలాండు దేశమున ఆక్లండు నగరమున చేసిన పరిశోధన 2011 లో వెలువడినది. తరువాత ఇతర దేశములవారును పరిశీలించిరి. చివరి మూడు నెలలలో వెల్లకిల నిద్రకు ఉపక్రమించు తల్లులలో, కడుపులోనే బిడ్డ మరణించుట కొంత అధికముగా కనబడినది. నిండు గర్భము బరువు వెన్నెముక ప్రక్కగా హృదయమునకు పోవు పెద్ద రక్తనాళమును నొక్కుటయే దానికి కారణమని యెంచుచున్నారు. 28 వారములు నిండినది మొదలు ఏదో యొక ప్రక్కకు ఒత్తిగిలి నిద్రపోవలెనని 2021 లో ఇంగ్లండు వైద్యసూత్రములలోను వ్రాసిరి. నడిరేయి మెలకువ వచ్చి చూచుకొనగా వెల్లకిల నున్నచో భయపడ పనిలేదు. ప్రక్కకు తిరిగి పరుండిన చాలును.

సందర్భము వచ్చినది గనుక ఒక మాట. గ్రహణము పట్టిన వేళ చూలాలిని చీకటి గదిలో చేర్చి, విడుచువరకు కాలు చేయి కదల్చక నిటారుగా పరుండుమని కట్టడిచేయు ఆచారము మనలో నున్నది. దానిని పెట్టిన పెద్దలు ఆమె మేలు కోరియే పెట్టిరి, సందేహము లేదు. అయినను నిండు నెలలలో నున్న స్త్రీని గంటలకొలది భయముతో కొయ్యవలె పరుండబెట్టుట చరకుడు చెప్పిన తైలపాత్ర న్యాయమునకు చేరదు. ఆ కాసేపు ప్రక్కకు ఒత్తిగిలి విశ్రమించుమని చెప్పినచో ఎవరికిని ఏ లోటును రాదని నా నమ్మకము.

నిద్రను గూర్చి చరకుని మతము గంభీరమైనది. దేహమను ఇంటిని నిలుపు మూడు ఊతలలో ఆహారము తరువాత నిద్రనే చెప్పినాడు. మనస్సును ఇంద్రియములును అలసి, విషయములనుండి మరలినప్పుడు నిద్ర వచ్చునన్నాడు. రాని నిద్రను రప్పించు ఉపాయములలో నూనె అంటుట, స్నానము, పాలు, ఒళ్ళు పిసుకుట, ఇంపైన ధ్వనులు, సువాసనలు మొదలగు వాటితోబాటు మనస్సుఖమును లెక్కించినాడు. పాలు తెచ్చి యీయవచ్చును. ఒళ్ళు పిసుకవచ్చును. మనస్సుఖమును తెచ్చి యిచ్చుట యెట్లు? దానికి మార్గము మరియొక నూనెగిన్నెలో దొరకుచున్నది.

బౌద్ధుల పాళీ గ్రంథములలో సంయుత్తనికాయమని యొకటి కలదు. బుద్ధభగవానుడు సేదకమను పట్టణమున భిక్షువులకు చెప్పిన కథ అందున్నది. ఒక సభలో దేశమునకెల్ల అందగత్తె యనిపించుకొన్న స్త్రీ ఆటపాటలు సాగించుచున్నది. చూడవచ్చిన జనము క్రిక్కిరిసి యున్నది. ఒకని చేతికి అంచువరకు నూనె నిండిన గిన్నె నిచ్చి, ఆ జనమునకును ఆ నర్తకికిని నడుమగా నడువుమనిరి. వెనుక కత్తి దూసినవాడొకడు నడచుచుండును. ఒక్క చుక్క ఒలికినచో తల తెగును. అట్టివాడు ఆ గిన్నెను విడిచి ఆటవైపు చూచునా యని బుద్ధుడడిగెను. చూడడని భిక్షువులు చెప్పిరి. తన దేహముపై నిలుపవలసిన ఎరుకయే ఆ నూనెగిన్నె యని ఆయన వివరించెను.

ఇచ్చట నేను ఎరుక యనుచున్నదానికి పాళీలో సతి యని పేరు. సంస్కృతమున స్మృతి. స్మృతి యనగానే మనకు మను యాజ్ఞవల్క్యులు తలపునకు వత్తురు గనుక తెలుగున ఎరుకయే మేలు. ఇది సోదెకత్తె చెప్పు ఎరుక కాదని వేరుగ చెప్పనక్కరలేదనుకొందును. ఊపిరి పీల్చునప్పుడు పీల్చుచున్నానని తెలిసి పీల్చుట, విడుచునప్పుడు విడుచుచున్నానని తెలిసి విడుచుట దీనికి మొదటి మెట్టు. కురుదేశమున కమ్మాసధమ్మ మను ఊర చేసిన ఉపదేశములో బుద్ధుడు దీనిని విస్తరించి చెప్పెను. నడచుట, నిలుచుట, కూర్చుండుట, పరుండుట యను నాలుగు స్థితులను పేర్కొనెను. నిద్రించుట, మేల్కొనుట కూడ ఎరుకలో చేరిన సంగతులేయని చెప్పెను.

రెండు గిన్నెలకు గల భేదము మీకు స్ఫురించియే యుండును. వైద్యుని గిన్నెను ఇతరులు మోయుదురు. బుద్ధుని గిన్నెను ఎవరిది వారే మోయవలెను. ఒకటి ఇంటివారి జాగ్రత్త, మరియొకటి తన మనస్సు జాగ్రత్త. నేటివారు రెండవదానిని మాత్రమే పట్టుకొని మొదటిదానిని మరచుచున్నారని నాకు తోచును. ఆ మాటకు తరువాత వత్తును.

భిక్షువులకు చెప్పిన విద్యలో గర్భిణుల ప్రసక్తి యెక్కడిదని మీరడుగవచ్చును. బౌద్ధులు వారిని మరువలేదు. అంగుళిమాలుడను పూర్వపు హంతకుడు భిక్షువైన పిదప శ్రావస్తిలో కాన్పు కష్టమై బాధపడు స్త్రీని చూచి వగచెను. బుద్ధుని యాజ్ఞచొప్పున, ఆర్యజన్మ యెత్తినది మొదలు తాను తెలిసి ఒక ప్రాణిని చంపలేదను సత్యముచేత ఆమెకు సుఖము కలుగుగాక యని పలుకగా ఆమె సుఖముగా ప్రసవించెనని గ్రంథము. ఆ వాక్యమును సింహళమున నేటికిని గర్భిణుల మేలుకొరకు పఠింతురు. మరియొక చోట, సర్వప్రాణులయెడ మైత్రి భావించువాడు పొందు పదునొకండు లాభములను చెప్పుచు, సుఖముగా నిద్రించును, సుఖముగా మేల్కొనును, పీడకలలు కనడు అని మొదటి మూడును నిద్రనుగూర్చియే చెప్పిరి. అయిదవ శతాబ్దమున సింహళమునకు పోయి విశుద్ధిమార్గమను మహాగ్రంథమున వీటినెల్ల వివరించిన బుద్ధఘోషుడు మన ఆంధ్రదేశీయుడని కొందరు విద్వాంసుల ఊహ.

మన అమరావతి శిల్పులు కూడ గర్భిణి శయ్యను చెక్కిరి. మాయాదేవి శయ్యపై నిద్రించుచుండగా తెల్లయేనుగు స్వప్నమున కనబడిన ఘట్టమది. శయ్యకు నాలుగు దిక్కుల లోకపాలకులు కావలి కాచుచుందురు. క్రింద పరిచారికలు కూర్చుందురు. గర్భమును ధరించిన స్త్రీ నిద్రను దేవతలే కాపలా కాయవలసినంత విలువగలదానినిగా వారు భావించిరి. ఆ రాళ్ళలో కొన్ని నేడు కలకత్తా, లండను మ్యూజియములలో నున్నవి.

ఇక పడమటి దేశముల కథ. నిద్రను సీసాలో పట్టి అమ్మవచ్చునను తలపు 19 వ శతాబ్దమున పుట్టినది. 1869 లో బెర్లినున లీబ్రైఖ్ అను పండితుడు క్లోరల్ అను ద్రవ్యము నిద్రపుచ్చునని చూపెను. 1903 లో వెరోనాల్ వచ్చెను. ఆ జాతి మందులు అలవాటై విడువక పట్టుకొనుటయు, మోతాదు మించినచో ప్రాణము తీయుటయు జనులు క్రమముగా తెలిసికొనిరి. అందుచేత ఎవరికిని హానిచేయని నిద్రమందు కావలెనని అందరును ఎదురుచూచుచుండిరి.

అట్టి సమయమున, 1957 అక్టోబరు 1 వ తేదీన, పశ్చిమ జర్మనీలో కాంటర్గాన్ అను పేర ఒక బిళ్ళ అంగళ్ళలోనికి వచ్చెను. దాని అసలు పేరు థాలిడోమైడు. ఎంత మ్రింగినను విషము కాదని దానికి ప్రతిష్ఠ. వైద్యుని చీటీ లేకయే కొనవచ్చును. నిద్ర పట్టనివారును, వేవిళ్ళతో బాధపడు చూలాండ్రును దానిని నమ్మి వాడిరి. అనేక దేశములకు అది వ్యాపించినది. కొంతకాలమునకు చేతులు లేకయో, భుజమునుండియే చిన్న వ్రేళ్ళు మొలచినట్లుగనో శిశువులు పుట్టసాగిరి. తల్లులు తమ పాపమని యేడ్చిరి. వంశదోషమేమోయని ఇంటివారు చెవులు కొరుకుకొనిరి. హాంబర్గులో లెంజ్ అను శిశువైద్యుడును, ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడు అను ప్రసూతివైద్యుడును ఒకరి సంగతి ఒకరికి తెలియకయే 1961 లో దోషము ఆ బిళ్ళదేయని పోల్చిరి. ఆ నవంబరులో జర్మనీలో దానిని అంగళ్ళనుండి తీసివేసిరి. అప్పటికి లోకమున పదివేలకు పైగా శిశువులు దాని వాత బడిరని అంచనా. శిశువు అవయవములు ఏర్పడు ఆ కొద్ది దినములలో తల్లి ఒకటి రెండు బిళ్ళలు మ్రింగినను చాలును, కీడు జరిగెడిది. ఆ దినములు కూడ ఎట్టివి? నెల తప్పిన కొలది రోజులకే వచ్చునవి, చాలమందికి తాము గర్భవతులమను నిశ్చయము కూడ కలుగని కాలము. అమెరికాలో మందుల అనుమతి విభాగమున ఫ్రాన్సెస్ కెల్సీ అను ఉద్యోగిని, రుజువులు చాలవని వర్తకుల ఒత్తిడికి లొంగక అనుమతిని ఆపినందున ఆ దేశము చాలవరకు తప్పించుకొన్నది.

ఒక్క రాత్రి కునుకుకై మ్రింగిన బిళ్ళ ఒక జీవితకాలమును హరించినది. గర్భిణికి మందు ఇచ్చుటలో లోకమంతటను వైద్యుల చేయి నాటినుండి వణకసాగినది. నేటి నిద్రమందులన్నియు థాలిడోమైడులే యని నేననను. తప్పనిసరియైనప్పుడు వైద్యులు ఆలోచించియే యిత్తురు. అట్లిచ్చినదానిని భయముచేత చెప్పక మానుటయు మంచిది కాదు. అయితే బిళ్ళ లేని దారి వెదకవలెనను పట్టుదలకు ఆ దుర్ఘటన బలమిచ్చినది.

అట్టి దారిని అంతకుముందే వెదకినవారు లేకపోలేదు. చికాగోలో జేకబ్సన్ అను వైద్యుడు కండరములను ఒక్కొక్కటిగా బిగించి సడలించు పద్ధతిని 1929 లో గ్రంథముగా ప్రకటించెను. ఇంగ్లండున గ్రాంట్లీ డిక్ రీడ్ అను ప్రసూతివైద్యుడు 1933 లో వ్రాసిన పుస్తకమున, భయమువలన దేహము బిగియుననియు, బిగువువలన నొప్పి పెరుగుననియు వాదించెను. కాన్పు నొప్పి అంతయు భయమేయన్నంత దూరము పోవుట ఆయన అతిశయోక్తి. గాని గర్భిణి మనస్సును సడలించుట వైద్యుని పనిలో భాగమని ఆ దేశమున గట్టిగా చెప్పినవారిలో ఆయన ముఖ్యుడు.

ఇంతలో మన ఎరుక యేమైనది? మన దేశమున బౌద్ధము క్షీణించెను. బర్మాలో నిలిచెను. అచ్చట ఇంగ్లీషువారి దొరతనము వచ్చిన తరువాత, మతము నశించునేమోయని భయపడి, లెడి సయడో అను మహాస్థవిరుడు మఠములలో దాగియున్న ధ్యానవిద్యను గృహస్థులకు బోధింప మొదలిడెను. ఆయన 1923 లో దివంగతుడయ్యెను. మహాసీ సయడో అను మరియొక స్థవిరుడు 1949 నుండి రంగూనులో, మన కోస్తా జిల్లాల కూలీలు రంగమని పిలిచిన ఆ పట్టణమున, వేలకొలది సంసారులకు దీనిని నేర్పెను. పొట్ట పొంగుటను, అణగుటను గమనించుచుండుట ఆయన మార్గము. అదే పట్టణమున ఊ బా ఖిన్ అను ప్రభుత్వ లెక్కల ప్రధానాధికారి, కచేరి పని చేయుచునే, దేహమున తలనుండి పాదము వరకు కలుగు స్పర్శలను వరుసగా గమనించు పద్ధతిని బోధించెను. విడువని తలనొప్పికి మార్ఫియా సూదులు వేయించుకొనుచుండిన వర్తకుడు సత్యనారాయణ గోయెంకా 1955 లో ఆయనను ఆశ్రయించి, 1969 లో ఆ విద్యను మరల భారతదేశమునకు కొనివచ్చెను. హైదరాబాదు చెంత నాగార్జునసాగరము త్రోవలోగల ధమ్మఖేత్తము ఆయన పరంపరలోనిదే.

లెక్కల కచేరి అధికారి గురువగుట, తలనొప్పి రోగి శిష్యుడగుట నాకు ఈ చరిత్రలో మిక్కిలి నచ్చిన ఘట్టము. అడవిలో చెట్టు క్రింద కూర్చుండువానికే యనుకొన్న విద్య, సంసారపు చిక్కులలో నున్నవారి చేతికి వచ్చినది అక్కడనే. అది జరుగనిచో గర్భిణి పడకవరకు వచ్చియుండదు.

అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రపు వూస్టర్ నగరమున వైద్యకళాశాల యొకటి కలదు. జీవశాస్త్ర పండితుడైన జాన్ కబట్ జిన్ అనునాయన కొరియా ధ్యానమార్గమును, ఈ బర్మా మార్గమును అభ్యసించినవాడు. 1979 లో ఆయన అచ్చటి ఆస్పత్రిలో శిక్షణ నొకదానిని ప్రారంభించెను. మందులవలన కుదురని నొప్పులతో వైద్యులు చేతులెత్తిన రోగులు ఆయన యొద్దకు వచ్చిరి. మతము మాట యెత్తక, వారిని పరుండబెట్టి, కాలివ్రేలినుండి తలవరకు దేహమును ఒక్కొక్క భాగముగా మనస్సుతో తాకి చూచుటను నేర్పెను. ఊ బా ఖిన్ పద్ధతితో దానికి గల చుట్టరికము స్పష్టమే. కాలిఫోర్నియాలో నాన్సీ బార్డకీ అను నర్సు, కాన్పులు చేయుటలో ఆరితేరినామె, ఆయనవద్ద దీనిని నేర్చి, 1998 నుండి గర్భిణులకును వారి భర్తలకును కలిపి బోధింపసాగెను. భర్తలను కూడ కూర్చుండబెట్టుట ఆమె తెలివికి గురుతు.

నిద్ర విషయమున ఫలితమేమి? ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. 2010 లో కాలిఫోర్నియా పండితురాండ్రు ప్రకటించిన పరిశోధనలో 15 మంది తొలిచూలు స్త్రీలకు ఏడు వారములు ఎరుకను, తేలికయైన యోగాసనములను నేర్పిరి. నడిమి మూడు నెలలలో మొదలిడినవారు రాత్రి మేల్కొనుట తగ్గినది. చివరి మూడు నెలలలో మొదలిడినవారి నిద్ర మాత్రము రానురాను తగ్గినదే గాని పెరుగలేదు. పదునైదుగురు చాల కొద్దిమంది. డెట్రాయిటు నగరమున హెన్రీ ఫోర్డు ఆరోగ్యసంస్థవారు గర్భిణుల నిద్రకొరకే ఎరుకతో కూర్చిన శిక్షణను ఇటీవల పరీక్షించుచున్నారు. పడక వేళలను, అలవాట్లను, నిద్రను గూర్చిన బెంగను దిద్దు చికిత్స మరియొకటి కలదు. దానిని 208 మంది గర్భిణులపై పరీక్షించి 2020 లో ప్రకటించిన ఫలితము ఇంతకంటె బలమైన ఆధారము. కనుక ఎరుకను సంజీవిగా చెప్పువారిని నమ్మవలదు. పనికిరాదని త్రోసివేయువారును తొందరపడినవారే. నాకు తోచినంతలో రెండింటిని కలిపి వాడుట మేలు.

ఇది పనిచేయు తీరు సులభముగ తెలియును. నిద్ర పిలిచినకొలది పారిపోవు జాతిది. గడియారము చూచుచు, ఇంక నాలుగు గంటలే యున్నవి, మూడే యున్నవి యని లెక్కించుకొనువానికి అది రాదు. గర్భిణికి ఆ లెక్కతోబాటు బెంగలనేకము. బిడ్డ కదలుచున్నదా, కాన్పు సుఖముగా నగునా, ఆడపిల్ల పుట్టినచో అత్తగారేమందురు, ఆస్పత్రి ఖర్చు ఎక్కడిది? ఎరుకయందు ఈ తలపులతో పోరాటము లేదు. వచ్చినదానిని వచ్చినదని చూచి, నొచ్చుకొనక, మరల ఊపిరికి రావలెను. వేయి మారులు మనస్సు జారినచో వేయి మారులు తెచ్చుకొనవలెను. నిద్ర రావలెనను కోరికను కూడ ప్రక్కన పెట్టవలెను. ఇది మొదట వింతగా తోచును. గాని వెదకుట మానినప్పుడే అది వచ్చుట కద్దు.

అయితే ప్రతి నిద్రలేమియు మనస్సువలననే కలుగదు. రాత్రి కాళ్ళు ఊరక గుంజుచు, కదల్చనిదే నిలువనీయని బాధ రక్తమున ఇనుము తక్కువైనవారికి కలుగవచ్చును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో మన దేశపు గర్భిణులలో నూటికి 52 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. అట్టివారికి కావలసినది ముందు ఇనుపధాతువు బిళ్ళలు, పరీక్ష, ఆహారము. క్రొత్తగా గట్టి గురక వచ్చినను, చివరి నెలలలో అరచేతులును అరికాళ్ళును రాత్రులందు విపరీతముగా దురద పెట్టినను, తలనొప్పితో కన్నులు మసకలు క్రమ్మినను, బిడ్డ కదలిక తగ్గినను ధ్యానము చేయుచు కూర్చుండరాదు. వెంటనే ఆస్పత్రికి పోవలెను. దినముల తరబడి దుఃఖము వదలక, బ్రతుకుపై విసుగు పుట్టినప్పుడును అంతే.

ఇక నేను ముందు విడిచిన మాట. అమెరికా గ్రంథములు గర్భిణికే అన్నియు చెప్పును. ఊపిరి గమనింపుము, మనస్సును నిలుపుము, నీ నిద్రను నీవు సాధింపుము అనును. మన పల్లెయింటి కోడలు అందరు తిన్న పిమ్మట తిని, గిన్నెలు తోమి, అందరికంటె ఆలస్యముగా పరుండి, కోడి కూయకముందే లేచును. ఆమెకు ఊపిరి గమనింపుమని బోధించుట, చేతులు కట్టి ఈదుమనుటవంటిది. కత్తి దూసినవాడు వెనుక నడచుచుండగా నూనెగిన్నె మోయుట భిక్షువునకు తగిన పరీక్ష. అట్టి కత్తి చూలాలి వెనుక ఎందుకుండవలెను? నెలలు నిండు కోడలికి రాత్రి పనినుండి సెలవిచ్చుట, తెల్లవారుజామున లేపకుండుట, మధ్యాహ్నము కొంతసేపు పరుండనిచ్చుట, కాన్పు కష్టములై చనిపోయినవారి కథలు ఆమె యెదుట చెప్పకుండుట, పుట్టబోవునది ఆడదో మగదో యను ప్రసంగము ఇంట జరుగనీయకుండుట, ఇవన్నియు పైకము ఖర్చు లేని పనులు. ఇంటి పెద్ద ఒక్క మాట చెప్పిన నడచునవి.

తరువాత ఆమె చేయదగినది ఆమె చేయును. నడిమి నెలలలో మొదలిడినవారికే మేలు కనబడినదని చెప్పితిని గదా, కనుక నాలుగైదు నెలలు దాటగానే నేర్పుట మంచిది. సాయంకాలము తరువాత కాఫీ, తేనీరు మానవలెను. భోజనమునకును పడకకును నడుమ రెండు గంటల యెడమున్నచో రొమ్ము మంట తగ్గును. దీపము తగ్గించి, చేతిలోని ఫోనును వేరొక గదిలో పెట్టి, ఎడమ ప్రక్కకో కుడి ప్రక్కకో ఒత్తిగిలి, మోకాళ్ళ నడుమ ఒక దిండు నుంచుకొని పరుండవలెను. ఊపిరి లోనికి పోవుట, వెలికి వచ్చుట పదిమారులు గమనింపవలెను. పిదప పాదములు, పిక్కలు, తొడలు, నడుము, బిడ్డయున్న పొట్ట, రొమ్ము, భుజములు, ముఖము అను వరుసను ఒక్కొక్కచోట మనస్సును కొంతసేపు నిలిపి, బిగువు కనబడినచో ఊపిరితోబాటు వదలిపెట్టవలెను. బిడ్డ తన్నినచో తన్నినదని గమనించి సాగిపోవలెను. ఎంతసేపటికిని కన్ను మూయబడనిచో పడకపై పొరలక, లేచి మసక దీపముకడ కొంతసేపు ఊరక కూర్చుండి, కునుకు తోచినప్పుడు మరల వచ్చి పరుండవలెను. ఆ సమయమున ఇంటిలో ఎవరికైన మెలకువ వచ్చినచో, ఏమి యింకను నిద్రపోలేదని గద్దింపక, త్రాగుటకు గోరువెచ్చని నీళ్ళు కావలెనా యని అడిగిన చాలును.